చేపపిల్లలకు ఎంత వెయ్యాలి

మా నాయిన ఇబ్రహీంపట్నం చెరువులో వల వేసి మమ్మల్ని సాకాడు. ఆ చేపల్నే తట్టలో పెట్టుకొని మా అమ్మ మార్కెట్లో కూర్చునేది. అలాంటి ఇంట్లో పుట్టి, జానెడు గాజుపెట్టెలో బియ్యపు గింజంత చేపపిల్లల్ని బతికించుకోలేకపోయిన మనిషిని నేను. ఈ సంగతి మా వాడలో ఎవరికీ చెప్పలేదు. నవ్వుతారని కాదు, నవ్వితే నవ్వనీ. అవి ఎందుకు చచ్చాయని అడుగుతారు. అప్పుడు మిగతాదంతా చెప్పాల్సి వస్తుంది.

ముందు ఇంట్లో మనుషుల గురించి చెప్పాలి. నాకు పెళ్ళి ఆలస్యంగా అయింది. చేసుకున్నాయన కాలేజీ బస్సు నడుపుతాడు. ఆయన మొదటి భార్య జబ్బు చేసి పోయింది, ఒక ఆడపిల్ల ఉంది. నేను ఆ ఇంట్లో అడుగుపెట్టేనాటికి ఆ పిల్ల రెండో తరగతి చదువుతోంది. సాగర్ రోడ్డుకు కాస్త లోపలగా, ప్లాట్లు చేసి అమ్మిన చోట, మాది రెండు గదుల ఇల్లు. ముందు వరండా. వరండాలో నా కుట్టుమిషన్. జాకెట్లు కుడతాను.

జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చేవాళ్ళు గుడ్డ ఇచ్చి ఊరికే పోరు. కూర్చుంటారు, మంచినీళ్ళు అడుగుతారు, ఇంట్లోకి తొంగిచూస్తారు. నేను టేపుతో వాళ్ళ కొలతలు తీస్తుంటే వాళ్ళు కళ్ళతో ఆ పిల్ల కొలతలు తీసేవాళ్ళు.

"పిల్ల జర బక్కగైనట్టుంది గదా అక్కా?" అనేది ఒకామె, నవ్వుకుంటూనే.

"బడికి పోతుంది గదా, అందుకే," అనేదాన్ని నేను.

నా నోరు మంచిది కాదని మా పుట్టింట్లో పేరు. మార్కెట్లో అమ్మ పక్కన కూర్చొని, తూకం దగ్గర పేచీ పెట్టినవాళ్ళను ఒక్క మాటతో పంపించేసిన దాన్ని. కానీ ఈ ఒక్క మాట దగ్గర నా నోరు పడిపోయేది. మారుతల్లి పిల్లకు కడుపునిండా పెట్టదు. ఆ మాట ఎవరూ నా మొహం మీద అనలేదు. అననక్కర లేదు కూడా. నేనే పొద్దున లేచిన దగ్గర్నుంచి నన్ను అనుకుంటూ ఉండేదాన్ని.

అందుకని పెట్టేదాన్ని. పొద్దున ఉడికించిన గుడ్డు, పాలు, రొట్టె. బడికి మూత పట్టనంత అన్నం కూరి డబ్బా. సాయంత్రం వచ్చీ రాగానే ఉప్మా. రాత్రికి మళ్ళీ కంచం నిండా. పైగా వరండాలోనే కూర్చోబెట్టి పెట్టేదాన్ని, ఇంట్లో గాలి ఆడదని వంక చెప్పి. గేటు చప్పుడైతే నా గొంతు దానంతటదే పెరిగేది. "ఇంకో ముద్ద తిను బిడ్డా, జరంత నెయ్యి ఎయ్యనా?" అని వీధి చివరిదాకా వినపడేట్టు అనేదాన్ని. ఎవరూ లేనప్పుడు అంత ముద్దుగా అడిగానా అంటే, లేదు. ఇప్పుడు తలుచుకుంటే నా గొంతు నాకే వినబుద్ధి కాదు.

ఆయన ఒకసారి అన్నాడు, "ఊకె పెట్టకు. ఆకలైతె అదే అడుగుతది."

"అడగకపోతే? నిన్నంటరా ఎవరన్నా? నన్నంటరు," అన్నాను. ఆయన బస్సు తాళాలు తీసుకొని బయటికి వెళ్ళిపోయాడు.

ఆ పిల్ల ఏమీ అడగదు, అదే చిక్కు. నన్ను ఏమనీ పిలవదు కూడా. పక్కన వచ్చి నిలబడుతుంది, నేను చూసేదాకా నిలబడుతుంది. అంతే.

ఇక ఆ పిల్ల అమ్మమ్మ. మంచాల అనే ఊరి నుంచి బస్సులో వస్తుండేది. చేతిసంచీ నిండా ఏదో ఒకటి, జొన్న రొట్టెలో, పల్లికాయో, సీతాఫలాలో తెచ్చేది. ఆమెను ఏమని పిలవాలో తెలియక నేనూ చాలా రోజులు పిలవకుండానే గడిపి, తర్వాత 'పెద్దమ్మా' అనడం మొదలుపెట్టాను. ఆమె చెప్పులు విడిచి లోపలికి రాగానే చేసే మొదటి పని, పిల్ల జబ్బను వేళ్ళతో చుట్టి చూడటం. వేలు వేలు కలిసిందా లేదా అని. కూతురు పోయిన మనిషి, ఆమెను తప్పు పట్టలేను. కానీ ఆ వేళ్ళు చుట్టుకున్న క్షణం నా గొంతు చుట్టూ చుట్టుకున్నట్టే ఉండేది.

వానలు మొదలైన కొత్తలో ఒకసారి అట్లాగే చూసి, పిల్ల చెయ్యి వదలకుండానే నాతో అంది, "గీ పిల్ల చిక్కుతున్నది బిడ్డా. నీ మీద నాకేం లేదు. దసర దాంక జూస్త. గిట్లనే ఉంటె నేను తీస్కపోత. మా ఊళ్ళె సదువుకుంటది."

ఆయన నేల చూపులు చూశాడు. నేను "సరె పెద్దమ్మా" అన్నాను. ఆ పిల్ల మా ఇంట్లో ఉండేదీ పోయేదీ ఆ రోజు నుంచి ఆ సన్నని జబ్బ మీదికి వచ్చింది.

పిల్ల మీద ప్రేమతో భయపడ్డావా అని ఎవరైనా అడిగితే, అవునని అనలేను. అప్పటికి అది ప్రేమ కాదు. అమ్మమ్మ వచ్చి పిల్లను తీసుకుపోయింది అంటే ఊరు నన్నేమంటుందో అన్నదే నా భయమంతా. జాకెట్ల కోసం వచ్చేవాళ్ళ మొహాలు ముందు కనపడేవి, పిల్ల మొహం తర్వాత.

చేపల తొట్టి ఆ భయంలోనే కొన్నాను. సాగర్ రోడ్డు మీద రంగు చేపలు అమ్మే దుకాణం ముందు ఆ పిల్ల ముక్కు అద్దానికి ఆనించి నిలబడింది ఒక రోజు. పిలిస్తే రాలేదు. ఏదీ అడగని పిల్ల అట్లా నిలబడటమే అడగడం అనుకున్నాను. పిల్ల ఉత్సాహంగా ఉంటే ఒళ్ళు చేస్తుందని కూడా ఒక ఆశ. ఇంకో సంగతీ ఉంది. వరండాలోకి కనపడేట్టు తొట్టి పెడితే వచ్చేవాళ్ళంతా చూస్తారు, మారుతల్లి పిల్లకు ఏం కొనిపెట్టిందో.

దుకాణం అతను తోకలు విసనకర్రల్లా ఉన్న గప్పీ చేపల్ని కవర్లో వేసి, గాలి నింపి, రబ్బరు బ్యాండు వేస్తూ చెప్పాడు, "పొట్ట పెద్దగున్నది పిల్లల్ని పెడ్తదక్కా. పెట్టినంక పిల్లల్ని వేరే పెట్టెల ఎయ్యి, లేకుంటె అదే తింటది. మేత గూడ జర సూసి ఎయ్యాలె."

"మాకే నేర్పుతున్నవా అన్నా చేపల్ని సాకుడు? మాది చెరువు మీద బతికిన ఇల్లు," అన్నాను.

అతను నవ్వి ఊరుకున్నాడు. పిల్ల ముందు గొప్ప కొట్టినందుకు నాకు హాయిగా ఉండింది. ఆ పూట పిల్ల కూడా నన్ను కొత్తగా చూసినట్టనిపించింది.

తొట్టిని ఆయన ట్రిప్పు అయ్యాక కాలేజీ బస్సు వెనక సీట్లో పెట్టుకొని తెచ్చాడు. కింద థర్మాకోల్ షీటు పరిచి గోడవారన బల్ల మీద పెట్టాం. గులకరాళ్ళు బకెట్లో వేసి, కడిగిన నీళ్ళు తేటగా వచ్చేదాకా నేనూ పిల్లా కడిగాం. నల్లా నీళ్ళు బ్లీచింగు వాసన కొడతాయి, అందుకని నింపి ఒక రోజంతా ఉంచాం. ఆ రోజు పిల్ల చేపల కవర్ను మరో బకెట్లో తేలేసి దాని పక్కనే కూర్చుంది, కాపలా. మా నాయిన చెరువు నుంచి నాచు తెచ్చి ఇచ్చాడు. నత్తలు పోయేట్టు ఉప్పునీళ్ళలో ముంచి కడిగి, రాళ్ళ మధ్య గుచ్చాం. గాలి మోటరు పెట్టగానే బుడగలు లేచాయి. మా నాయిన నడుం మీద చేతులు పెట్టుకొని చూసి, "గిదేం నీళ్ళు బిడ్డా? నేను తాగే చెంబు గింత కంటె పెద్దగుంటది," అని పోయాడు. పిల్ల నవ్వింది. ఆ పిల్ల పళ్ళన్నీ నేను చూడటం అదే మొదలు.

కొన్నాళ్ళకు, ఒకామె జాకెట్టుకు చంకల దగ్గర బిగువైందని విప్పించుకుంటుండగా, లోపలి నుంచి కేక వినపడింది.

"చిన్నమ్మా, ఇటు రా. నీళ్ళల్ల కండ్లున్నయ్."

చిన్నమ్మా అంది. నా చేతిలో కత్తెర అట్లాగే ఉండిపోయింది. పిలుపు విని సంతోషపడాల్సింది పోయి, నేను మొదట చేసిన పని ఏమిటంటే ఎదుట ఉన్న ఆమె ఆ మాట విన్నదా లేదా అని చూడటం.

వెళ్ళి చూస్తే నిజమే. అద్దం లాంటి ఒళ్ళు కనపడదు, రెండు నల్లటి చుక్కలు మాత్రం నాచు చుట్టూ జంటలు జంటలుగా తిరుగుతున్నాయి. మేం చూస్తుండగానే తల్లి చేప వెనక్కి తిరిగి ఒకదాన్ని గుటుక్కుమనిపించింది. పిల్ల నా చీర కుచ్చిళ్ళు పట్టుకుంది.

"తల్లే తింటదా?" అని అడిగింది.

వెనకే వచ్చి చూస్తున్న ఆ జాకెట్టామె కిలకిలా నవ్వింది. "కన్నతల్లే గిట్ల జేస్తే ఇగ మారుతల్లి ఎట్ల జేస్తదో," అంది. పరాచకానికే అంది. ఆమె చెడ్డమనిషి కాదు. నేనూ నవ్వాను. పిల్ల నవ్వలేదు, నా వైపూ చూడలేదు. ఆ నవ్వు నా మొహం మీద అతుక్కుపోయింది, తర్వాత ఎట్లా తీయాలో తెలియలేదు.

గబగబా చిన్న గాజుపెట్టె తెప్పించి, చెంచాతో ఒక్కొక్క పిల్లనూ ఎత్తి అందులో వేశాం. కొన్ని రాళ్ళు, కొంత నాచు వేసి, దాన్ని కిటికీ దగ్గర పెట్టాను. వెలుతురు బాగా పడుతుంది, వరండాలోంచి కూడా కనపడుతుంది.

ఇక మేత. దుకాణంలో ఇచ్చిన పొడి ఒకటి ఉంది గానీ, అది నాకు ఆనలేదు. మా నాయిన చెరువులో వదిలే ముందు చేపపిల్లల్ని ఒక చిన్న కుంటలో పెంచేవాడు. తవుడు, నూనె తీసిన పల్లి చెక్క కలిపి దోసిళ్ళతో చల్లేవాడు. చల్లిన చోట నీళ్ళు ఉడికినట్టు కదిలేవి. చిన్నప్పుడు ఆ బుట్ట నేనే మోసేదాన్ని. అదే ఇక్కడా చేశాను. తవుడు, పల్లి చెక్క మెత్తగా దంచి, జాకెట్ లైనింగు గుడ్డలో జల్లెడ పట్టి, పొద్దున చిటికెడు, మధ్యాహ్నం చిటికెడు, సాయంత్రం చిటికెడు వేశాను. ఎవరైనా వచ్చినప్పుడల్లా ఇంకో చిటికెడు. "సూడుండ్రి ఎట్ల తింటున్నయో," అని చూపించేదాన్ని. పిల్లలు బాగా తింటున్నాయంటే సాకేదాని చెయ్యి మంచిదని కదా.

"ఇగ చాలు చిన్నమ్మా. పొట్టలు నిండినయ్, కనపడుతున్నయ్," అంది పిల్ల ఒకసారి.

"నీకేం దెలుసు? మేం చేపలోళ్ళం," అన్నాను.

కుంటలో అడుగున బురద ఉంటుందని, పైన ఎండ ఉంటుందని, మిగిలింది తినడానికి వేరే పురుగూ పుట్రా ఉంటాయని నాకు తెలియనిదా? తెలుసు. కానీ మా ఇంటి విద్య మీద నాకున్న గర్వం, పిల్లలకు తక్కువ పెట్టానన్న మాట రాకూడదన్న భయం, రెండూ కలిసి ఆ చిటికెలో కూర్చున్నాయి.

బతుకమ్మ సెలవులు ఇచ్చారు. పిల్ల ఇంట్లోనే ఉంటోంది. అమ్మమ్మ ఆదివారం వస్తానని ఆయనకు ఫోను చేసి చెప్పింది. గుడ్డుకు తోడు ఇంకో గుడ్డు చేర్చాను, నెయ్యి పెంచాను. పిల్ల జబ్బ మాత్రం పెరగలేదు. ఇంత పెడుతుంటే ఎక్కడికి పోతోంది ఈ తిండి అని నాలో నేనే గింజుకున్నాను. కడుపులో పాములున్నాయేమోనని దవాఖానకు తీసుకెళ్ళి మందు కూడా వేయించాను.

ఆదివారం పొద్దున కిటికీ దగ్గరికి పోతే వాసన. అది చేపల నీచు కాదు, నీచు వాసన నాకు వాసనే కాదు. ఇది కుళ్ళు. పెట్టెలో నీళ్ళు గంజిలా తెల్లగా ఉన్నాయి. బతికి ఉన్న పిల్లలన్నీ పైకి వచ్చి నోళ్ళు ఆడిస్తున్నాయి. ఎండాకాలం చెరువులో నీళ్ళు తగ్గినప్పుడు చేపలు అట్లాగే చేస్తాయి, చూసిన వెంటనే గుర్తుపట్టాను. చాలామటుకు అడుగున వెల్లకిలా పడి ఉన్నాయి, కళ్ళు మాత్రం అవే నల్లటి చుక్కలు.

పెద్ద తొట్టి నీళ్ళు గిన్నెలోకి తీసి, బతికినవాటిని చెంచాతో అందులోకి మార్చాను. తర్వాత చిన్న పెట్టె కడుగుదామని నాచు పైకి లాగాను. నాచు వేళ్ళ కింద, రాళ్ళ సందుల్లో, పచ్చగా ఏదో ఉంది. వేలితో తీసి చూస్తే గుడ్డు సొన. బూజు పట్టిన ముక్కలు. ఇంకో రాయి కింద పప్పు కలిపిన అన్నం ముద్ద, నేను కలిపి పెట్టిన ముద్దే, నా వేళ్ళ గుర్తులు ఇంకా చెరిగిపోలేదేమో అన్నట్టుంది.

పిల్ల గుమ్మంలో నిలబడి ఉంది.

"ఎవలేసిన్రు గిది?"

"నేనే."

"ఎందుకేసినవ్?"

పిల్ల కాలి బొటనవేలితో గడప గీకింది. "నాతోని తినుడు అయితలేదు చిన్నమ్మా. నువ్వు అవతలికి పోయినప్పుడు వీటికేసిన. ఇవి గూడ చిన్నగున్నయ్ గదా, తింటయనుకున్న."

"మరి బడిల?"

"బడిల కుక్కకేస్త."

"వద్దంటె నాతోని చెప్పొచ్చు గదా?"

"చెప్పిన," అంది పిల్ల. గొంతు పెంచలేదు, ఏడవలేదు. "దినాం చెప్పిన. నువ్వు ఆళ్ళతోని మాట్లాడుకుంటనే ఏస్తవ్."

నాకు మొదట వచ్చింది సిగ్గు కాదు, కోపం. చెయ్యి లేవలేదు గానీ లేచేదే. ఇంత కష్టపడి వండి పెడితే నీళ్ళపాలు చేస్తావా అని అరవబోయాను. అంతలోనే ఆ పిల్ల చెయ్యి గుర్తొచ్చింది. కంచం మీద అడ్డంగా పెట్టే చిన్న చెయ్యి. ప్రతి పూటా పెట్టేది. ప్రతి పూటా నేను ఎడమ చేత్తో దాన్ని పక్కకు జరిపి, కుడి చేత్తో వడ్డించి, ఎదుట ఉన్నవాళ్ళతో జాకెట్టు మెడ ఎంత లోతు పెట్టాలో మాట్లాడేదాన్ని. ఎంత పెట్టినా నేను పెట్టింది ఆ పిల్లకు కాదు, ఎదుట కూర్చున్నవాళ్ళకు. పిల్ల వరండాలో కూర్చొని, కడుపు బిగించుకొని, నా మంచి పేరు మోసింది. సిగ్గు అప్పుడొచ్చింది. ఇప్పటికీ పోలేదు.

గేటు చప్పుడైంది. అమ్మమ్మ వచ్చింది. ఎప్పుడూ నిండుగా వచ్చే ఆమె చేతిసంచీ ఈసారి ఖాళీగా వేలాడుతోంది. పిల్ల బట్టలకని నాకు అర్థమైంది. పిల్లకూ అర్థమైనట్టుంది, వెళ్ళి గోడవారన తొట్టి పక్కన నిలబడింది.

"ఏందిది? అన్ని సచ్చినయ్," అంది ఆమె పెట్టెలోకి చూస్తూ.

"మేత ఎక్కువైంది పెద్దమ్మా. నేనే ఎక్కువేసిన," అన్నాను.

అది అబద్ధం కాదు. నిజం మొత్తం కూడా కాదు. పిల్లను వెనకేసుకొస్తున్నట్టు పైకి కనపడుతుంది గానీ, అన్నం సంగతి బయటపడితే ఆ సంచీ నిండుతుందని నేను సొన ముక్కల్ని గుప్పిట్లో మూసుకొని నిలబడ్డాను. పిల్ల నా గుప్పిటనే చూస్తోంది.

ఆమె పిల్ల జబ్బ పట్టుకొని చూసింది. వేలు వేలు సులువుగా కలిశాయి. సంచీ గోడకున్న మేకుకు తగిలించింది.

మధ్యాహ్నం అన్నానికి కూర్చున్నారు, అమ్మమ్మా పిల్లా పక్కపక్కన. ఆయన ఆ రోజు పెళ్ళి ట్రిప్పుకు పోయాడు. పప్పుచారు, గుడ్డు పులుసు చేశాను. పిల్లకు అన్నం పెట్టి, రెండో గంటె ఎత్తాను. చిన్న చెయ్యి వచ్చి కంచం మీద అడ్డం పడింది.

ఆమె చూస్తోంది. గంటె నా చేతిలోనే ఉండిపోయింది. చెయ్యి జరిపి వేస్తే ఆమె ముందు నేను మంచిదాన్ని. వెయ్యకపోతే ఇన్నాళ్ళూ ఊరు అనకుండా అన్న మాట నేనే రుజువు చేసినదాన్ని. ఆ చెయ్యి పలచగా, గోళ్ళలో నాచు మట్టితో, వణక్కుండా ఉంది. మళ్ళీ జరుపుతానా అని అదే చూస్తోంది.

"చాలా?" అని అడిగాను.

"చాలు."

గంటె తీసి గిన్నెలో పెట్టేశాను.

"గదేందమ్మా, పిట్టకు పెట్టినట్టు పెడ్తున్నవ్?" అంది ఆమె.

అప్పుడు చెప్పాను. గుడ్డు సంగతి, కుక్క సంగతి, రాయి కింద అన్నం ముద్ద సంగతి. వరండాలో ఎందుకు కూర్చోబెట్టేదాన్నో అదీ చెప్పాను. "దాని చెయ్యి నేనే పక్కకు జరిపిన పెద్దమ్మా. అది తింటలేదు, నాకు భయపడి పారేస్తున్నది. నువ్వు తీస్కపోతనంటె నేను అడ్డం రాను," అన్నాను. ఊరు ఏమంటుందో అన్న ఆలోచన అప్పుడు నాకు రాలేదు. పిల్ల పోతే ఆ తొట్టి పక్కన నిలబడేది ఎవరన్నదే వచ్చింది. ప్రేమ అనేది అంత ఆలస్యంగా, అంత చెడ్డ సమయంలో వచ్చినందుకు కూడా సిగ్గేసింది.

పిల్ల తల వంచుకొని తింటోంది. ఎవరూ తినమనలేదు. పెట్టిన అన్నం మెతుకు లేకుండా తిని, "మజ్జిగున్నదా?" అని అడిగింది. పోశాను. ఎత్తి తాగేసి, కంచం తీసుకొని కడగడానికి వెళ్ళింది.

ఆమె కంచంలో అన్నం అట్లాగే ఉంది. కలిపిన ముద్ద అట్లాగే ఎండిపోతోంది.

"దీని తల్లి గూడ గిట్లనే చెయ్యి అడ్డం పెడ్తుండె," అంది, నన్ను చూడకుండా. "నేను గూడ తీసి ఏస్తుంటి. దవాఖానల మంచం మీద ఉన్నప్పుడు సుత. వద్దమ్మా, నాతోని అయితలేదమ్మా అన్నది. తింటె బతుకుతదని కుక్కి కుక్కి పెట్టిన. కక్కుకుంటె మల్ల పెట్టిన."

నీళ్ళ గ్లాసు ఆమె దగ్గరికి జరిపాను. ఆమె నన్ను క్షమించినట్టు ఏమీ అనలేదు, నేనూ ఆశించలేదు. ఆ కంచం ముందే ఇద్దరం తలలు దించుకొని కూర్చున్నాం. పెరట్లో పిల్ల కంచం తోముతున్న చప్పుడు వినపడుతోంది.

సాయంత్రం బస్సుకు ఆమె లేచింది. పిల్ల తొట్టి దగ్గర కూర్చొని గిన్నెలోని చేపపిల్లల్ని చూస్తోంది.

"వాటికి మేతెయ్యవా?" అని అడిగింది ఆమె.

"ఇయ్యాల ఏం ఎయ్యొద్దమ్మమ్మా. ఉపాసముంటెనే బతుకుతయంట. చిన్నమ్మ చెప్పింది."

ఆమె అలవాటు కొద్దీ పిల్ల జబ్బ మీద చెయ్యి వేసింది. వేళ్ళు చుట్టలేదు, ఊరికే వేసి తీసేసింది. మేకుకున్న సంచీ తీసి, నాలుగు మడతలు పెట్టి, చంకలో పెట్టుకుంది. "మల్లొస్త," అంది పిల్లతో. గేటు దాకా వచ్చిన నాతో, "పిల్ల ఏమంటదో జర ఇను బిడ్డా," అని మాత్రం అని, రోడ్డు వైపు నడిచింది.

బతికిన చేపపిల్లలు కొన్నే. వాటికి మేత వేసే పని పిల్ల తీసుకుంది. అగ్గిపుల్ల కొసను తడిపి, తవుడు పొడిలో అద్ది, నీళ్ళ మీద తాకిస్తుంది. అవి తినేదాకా చూసి, ఇంకా వెతుక్కుంటుంటేనే మళ్ళీ అద్దుతుంది. నేను వెనక నిలబడి చూస్తుంటాను. మా నాయిన బుట్ట మోసిన దాన్ని, ఆ పని నాకు అప్పగించమని మాత్రం అడగను.

పిల్లకు ఇప్పుడు లోపలే అన్నం పెడుతున్నాను. నేనేదో మారిపోయానని చెప్పుకోను. గేటు చప్పుడైతే ఇప్పటికీ నా చెయ్యి గిన్నె వైపు పోతుంది, గొంతు పెరగబోతుంది. దాన్ని పట్టుకొని ఆపుకోవడమే ఒక పనిగా ఉంది.

మొన్న ఒక రోజు తలుపు తీసి ఉంది. వరండాలో ఒకామె జాకెట్టు కోసం కూర్చొని ఉంది, పరాచకం ఆడిన ఆమే. లోపల పిల్ల తింటూ తింటూ కంచం ముందుకు జరిపింది.

"చిన్నమ్మా, ఇంకొంచెం ఎయ్యి."

నేను గంటె ఎత్తాను, ఎత్తి ఆగిపోయాను. ఇంకొంచెం అంటే ఆ పిల్లకు ఎంతో నాకు తెలియదు. ఇన్నాళ్ళూ ఒక ఇంట్లో ఉండి, రోజుకు ఇన్ని పూటలు పెట్టి, తెలియదు.

"ఎంత?" అని అడిగాను.

పిల్ల బొటనవేలును చూపుడువేలి సగం మీద పెట్టి చూపించింది. "గింత."

అంతే వేశాను. వరండాలోంచి మాట వచ్చింది, ఎప్పటిలాగే నవ్వుతూ, "గంతేనా అక్కా పిల్లకు పెట్టేది?"

గంటె పట్టుకున్న నా చెయ్యి మళ్ళీ గిన్నె వైపు పోయింది. పిల్ల నోట్లో ముద్ద మింగి, గుమ్మం వైపు తిరిగి చెప్పింది.

"నేనే గంత అడిగిన."

చెప్పి మళ్ళీ అన్నంలోకి తల వంచింది. నేను గంటె గిన్నెలో పెట్టి, మొహం ఎవరికీ కనపడకుండా నీళ్ళ బిందె వైపు తిరిగాను.